కథకునికొక చిట్టా పుస్తకం

షెర్లాక్ హోమ్స్ కథలు చదివిన మన పాఠకులకు డాక్టర్ వాట్సన్ పరిచితుడే. 1887లో అచ్చయిన మొదటి నవలలో ఆఫ్ఘన్ యుద్ధపు తుపాకిగుండు ఆయన భుజానికి తగిలింది. 1890లో వచ్చిన రెండవ నవలలో ఆ గాయం కాలికి దిగింది! స్పెయిన్ రచయిత సెర్వాంటిస్ 1605లో ప్రచురించిన 'డాన్ క్విక్సోట్'లో, పోయిందన్న గాడిద, దొరికిన ముచ్చటే లేకుండా మళ్ళీ సాంకో దగ్గర ప్రత్యక్షమయింది. 1615 నాటి రెండవ భాగంలో పాత్రలచేతనే దానికి సంజాయిషీ చెప్పించవలసి వచ్చింది.

మహామహులకే తప్పనిది, ఇంటి పనుల నడుమ నెలకొక ప్రకరణం వ్రాసేవారికి తప్పుతుందా? మందు మాత్రం తేలికే. నోటు పుస్తకంలో పాత్రకొక పేజీ కేటాయించండి: పేరు, వయస్సు, ఊరు, చుట్టరికం, ఎవరిని ఏమని పిలుస్తుంది. మరొకచోట కథ జరిగే తిథులు వరుసగా వేసుకోండి. ఉగాది చైత్ర శుద్ధ పాడ్యమి గదా! ఆ రాత్రి నాయికను పండువెన్నెల్లో నిలబెడితే మన అమ్మమ్మలు ఊరుకోరు. అమెరికా రచయిత ఫాక్నర్ 1954లో వెలువడిన 'ఎ ఫేబుల్' నవలకు రోజువారీ ప్రణాళికను వ్రాతగది గోడలమీదనే వ్రాసుకొన్నాడు. మనకు గోడలు పాడుచేసుకొనే అవసరం లేదు, రెండణాల పుస్తకమంత పుస్తకం చాలు.

అన్నిటికన్న వరుసలు ముఖ్యం. ఒక ప్రకరణంలో నాయికకు మేనత్త అయిన ఆవిడ, మరుసటి ప్రకరణంలో పినతల్లి అయిందా, ఆమె కొడుకుతో తలపెట్టిన మేనరికం కాస్తా అన్నాచెల్లెళ్ళ పెండ్లి అయి కూర్చుంటుంది! తెలుగుదేశానికి దూరంగా పెరిగే మన పిల్లల్లో కొందరికి ఈ వరుసలు తెలిసేది కథల్లోనే. అందుచేత పంపేముందు ఒక్కసారి చిట్టాతో సరిచూచి మరీ పంపండి.