గుండె శస్త్రచికిత్స: మత్తు, రక్తము

గుండెకు ఆపరేషను చేయవలెనని వైద్యులు చెప్పినచో, గ్రామములోని కుటుంబము సలహాకై పంచాయతీ సభ్యుని వద్దకు వచ్చుట కద్దు. ఆరోగ్యశ్రీ కాగితములు, ప్రయాణపు ఏర్పాట్లు ఒక ఎత్తు. వారడుగు రెండు ప్రశ్నలు మరియొక ఎత్తు. మత్తిచ్చిన మనిషి మరల లేచునా? గుండెను కోసినచో నెత్తురంతయు పోదా? చండ్రుగొండ వంటి అడవి అంచు గ్రామములలో అంగీకారపత్రముపై చేవ్రాలు ఆగిపోవుటకు ఈ భయములే చాలును. సభ్యులు వీనికి సమాధానము చెప్పగలుగుటకై మేమీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మత్తుకును గుండెకును గల సంబంధమును గూర్చిన పెద్ద వాదమొకటి హైదరాబాదులోనే జరిగినది. ఆ కాలమున క్లోరోఫారము పీల్చిన రోగులలో కొందరు మరణించుచుండిరి. ముందాగునది శ్వాసయా, గుండెయా? దీనిని తేల్చుటకు రెసిడెన్సీ వైద్యుడు ఎడ్వర్డ్ లారీ 1888లో ఒక పరిశీలక సంఘమును, 1889లో రెండవదానిని నడిపెను. నిజాము ధనమిచ్చెను, చండ్రుగొండ ప్రాంతమును నాడు ఆ రాజ్యములోనిదే. వందలాది జంతువులపై పరీక్షలు చేసి, శ్వాసయే ముందాగునని తీర్పు చెప్పిరి. ఆ తీర్పు సగమే నిజము. క్లోరోఫారము నేరుగా గుండెనే ఆపగలదని 1911లో గుడ్‌మన్ లెవీ చూపెను. నేటి మత్తు వైద్యుడు క్లోరోఫారము వాడడు. శ్వాసను, గుండెను రెంటిని ఆపరేషను ముగియువరకు కనిపెట్టియే యుండును. రోగి గొంతులోని గొట్టము ద్వారా యంత్రము ఊపిరినిచ్చును. మణికట్టు ధమనిలోని సన్నని గొట్టము ప్రతి గుండెకొట్టుకు రక్తపోటును తెలుపును.

తూము బాగుచేయునపుడు నీటిని ప్రక్క కాలువకు మళ్లింతురు గదా! గుండె ఆపరేషనులో జరుగునదియు అట్టిదే. రక్తమును యంత్రములోనికి మళ్లించి, ప్రాణవాయువు కలిపి, తిరిగి దేహమునకు పంపుదురు. పొటాసియము గల చల్లని ద్రవముతో గుండెను కొంతసేపు నిలుపుదురు. ఇట్టి యంత్రముతో 1953లో అమెరికాలో జాన్ గిబ్బన్ తొలిసారి జయము పొందెను. గొట్టములు తగిలినంతనే రక్తము గడ్డకట్టును గనుక ముందుగా హెపారిన్ ఇత్తురు. పని ముగిసిన పిదప దానికి విరుగుడు ప్రోటమిన్. ఇది చేపలనుండి తీసిన మందు! కొన్ని ఆపరేషనులను గుండె కొట్టుకొనుచుండగనే చేయుదురు.

ఇక రక్తము. పెద్దవారి దేహమున సుమారు 5 లీటర్లుండును. కోతలో కారిన రక్తమును పీల్చి, కడిగి, అందలి ఎర్రకణములను రోగికే తిరిగి ఎక్కించు యంత్రములు కలవు. రక్తస్రావమును తగ్గించు మందులును కలవు. ఎంత ఎక్కించిన అంత బలమను నమ్మకము సరికాదు. పరుల రక్తమును అవసరమైనంతయే ఇత్తురు. యంత్రపు గొట్టములను ముందు ద్రవముతో నింపుదురు గనుక రోగి రక్తము పలుచబడును. రక్తహీనతగల బక్కపలుచని స్త్రీకి, పసిబిడ్డకు ఇది మరింత ప్రమాదము. కావున ఆపరేషనుకు వ్యవధి యున్నచో, ఆ వారములలోనే ఇనుము మాత్రలతోనో, సూదిమందుతోనో రక్తహీనతను సరిచేయవలెను. గ్రామములో చేయదగిన పని ఇదియే. ఎక్కువగా మరచునదియు ఇదియే.

ఈ ప్రాంతమునకు మరియొక మాట ముఖ్యము. కోయ కుటుంబములలో సికిల్ సెల్ దోషము కానవచ్చుచున్నది. ఈ దోషమున్నవారి ఎర్రకణములు చలికి, ప్రాణవాయువు కొరతకు కొడవలివలె వంగి సన్నని నాళములను మూయును. ముందు తెలిసినచో వైద్యులు దేహమును అంతగా చల్లబరచరు. అవసరమైన కొంత రక్తమును మార్తురు. ఈ దోష నిర్మూలనకై జాతీయ కార్యక్రమము 2023 జులైలో ప్రారంభమైనది. పరీక్ష చేయించుకొన్నవారి కార్డును రోగి మూటలో తప్పక పెట్టించి, మత్తు వైద్యునికి చూపుమని చెప్పవలెను.

రక్తనిధిలో ఎర్రకణములు 42 రోజులకు మించి నిలువవు. ప్లేట్‌లెట్లు 5 రోజులే. ఏడాదికొక శిబిరము పెట్టి ఊరకుండిన చాలదు. 18 మొదలు 65 ఏండ్లలోపు, 45 కిలోలకు తగ్గని బరువు, 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ గలవారు రక్తమీయవచ్చును. పురుషులు 3 నెలలకు, స్త్రీలు 4 నెలలకు ఒకసారి. మలేరియా తగ్గి 3 నెలలు కానివారు ఆగవలెను. ధనము పుచ్చుకొని రక్తమిచ్చు పద్ధతి 1998 జనవరి 1 నుండి నిషిద్ధము. ఆసుపత్రి వాకిట ఎవరైనను బేరమాడినచో కుటుంబము వారికి రూకలీయక, రక్తనిధి అధికారితో చెప్పవలెను. దాతల పేర్లు, రక్తవర్గములు, కడపటిసారి ఇచ్చిన తేదీ వ్రాసిన పుస్తకమొకటి పంచాయతీ కార్యాలయమున నుంచిన, అర్ధరాత్రి కబురు వచ్చినను ఎవరిని లేపవలెనో తెలియును.