బాలింత మనసు ఎవరి లెక్కలో ఉంది?

నన్ను కన్న ఇరవై ఒకటో రోజున మా అమ్మ నాట్లకు పోయింది. పోకపోతే పొయ్యి వెలగదు. తమ్ముడు పుట్టినప్పుడు మాత్రం నెలకు పైగా గోడవైపు తిరిగి పడుకుంది, పిల్లవాణ్ణి దగ్గరికి తీసుకోలేదు. వాడలో గాలి సోకిందన్నారు. పొలం ఆసామి పనిదొంగ అన్నాడు. "నీ మనసు ఎట్లున్నదమ్మా?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ స్థితికి వైద్యంలో ఒక పేరున్నదని, నయమవుతుందని నాకు తెలిసింది విశ్వవిద్యాలయానికి వచ్చాకనే. మా ఇంట్లో ఆ గడప తొక్కిన మొదటిదాన్ని నేను.

కాన్పయిన రెండు మూడు రోజులకు ఏడుపు, చిరాకు చాలామంది తల్లులకు వస్తాయి. రెండు వారాల్లోపు వాటంతటవే తగ్గుతాయి. అప్పటికీ దిగులు పోక, నిద్ర, తిండి, బిడ్డ మీద ధ్యాస తప్పితే అది ప్రసవానంతర కుంగుబాటు కావచ్చు. మాటలతో, తోడుతో, అవసరమైతే మందులతో నయమయ్యే జబ్బు అది. లేనివి కనబడటం, వినబడటం, తనకో బిడ్డకో హాని తలపెట్టడం అరుదు. కానీ అట్లా జరిగితే ఆ రోజే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఇది ఏ కొద్దిమంది బాధో కాదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అచ్చయిన సమీక్ష ఒకటి మన దేశంలో జరిగిన 38 అధ్యయనాలను కలిపి చూసి, బాలింతల్లో దాదాపు 22 శాతం మందికి కుంగుబాటు ఉన్నదని లెక్కగట్టింది. విక్రమ్ పటేల్ బృందం 2002లో ప్రచురించిన గోవా అధ్యయనం పేదరికాన్ని, కాపురంలోని కలతలను, ఆడపిల్ల పుట్టిందన్న బాధను ఈ జబ్బుతో ముడిపెట్టి చూపింది. మన వాడల్లో ఈ మూడింటి వెనకా కులం ఉంటుంది. మా అక్క కాన్పుకు పోయిన ఆసుపత్రిలో నర్సు ముందడిగింది నొప్పుల గురించి కాదు, "మీదే వాడ?" అని. ఆ మాట అక్క ఇప్పటికీ మరిచిపోలేదు.

మరి ప్రభుత్వం ఏమిచ్చింది? 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించి, జీతంతో కూడిన సెలవును 12 వారాల నుంచి 26 వారాలకు పెంచారు. మంచిదే. కానీ అది దుకాణాల్లో, సంస్థల్లో కనీసం పదిమంది పనిచేసేచోట వర్తిస్తుంది. పొలం గట్టు సంస్థ కాదు గదా! రోజుకో ఆసామి దగ్గర పనిచేసే కూలితల్లికి సెలవు ఎవరివ్వాలి? ఆమెలాంటి వాళ్లకు 2013 నాటి ఆహార భద్రతా చట్టం కనీసం 6,000 రూపాయలు ఇవ్వాలన్నది. ఎన్నో కాన్పు అన్న లెక్క అందులో లేదు. 2017లో వచ్చిన ప్రధానమంత్రి మాతృ వందన యోజన మాత్రం మొదటి బిడ్డకే 5,000 అన్నది. 2022 నుంచి రెండో బిడ్డకు 6,000 ఇస్తామన్నారు, అదీ ఆడపిల్లయితేనే. రెండోసారి మగపిల్లవాణ్ణి కన్న తల్లికి ఒళ్లు అలవదా?

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షను కుల వివక్ష లేని వైద్యాన్ని హక్కు చేసింది. కానీ జబ్బని తెలియని తల్లి ఏ హక్కు అడుగుతుంది? ముందు ఆమెను అడిగే మనిషి కావాలి.

ఆ మనిషి ఇప్పటికే వాడకు వస్తున్నది. ఆసుపత్రిలో కాన్పయిన తల్లి ఇంటికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఆరుసార్లు పోవాలని నియమం. బిడ్డను తూస్తుంది. తల్లికి రక్తస్రావం, జ్వరం ఉన్నాయా అని చూస్తుంది. పొంతన లేకుండా మాట్లాడుతున్నదా అని కూడా రాసుకుంటుంది. మౌనంగా కుంగిపోయే తల్లి సంగతి ఏమిటి? 1987 నాటి ఎడిన్‌బరో ప్రశ్నావళిలో ఉన్నవి పది ప్రశ్నలే, గడిచిన ఏడు రోజుల గురించి. అయితే వాటిని పుస్తక భాషలో అడిగితే లాభం లేదు. మా అమ్మ 'నిస్పృహ' అనదు. "గుండె గాబరా, అన్నం పోతలేదు, దేని మీదా మనసు నిలుస్తలేదు" అంటుంది. ప్రశ్నలు ఆ మాటల్లో ఉండాలి. అత్త ముందు కాదు, విడిగా అడగాలి.

కలిసి మాట్లాడుకుంటే ఏమవుతుందో చూడండి. జార్ఖండ్, ఒడిశాల్లో ఆదివాసీలు ఎక్కువగా ఉన్న పల్లెల్లో ఏక్‌జుట్ సంస్థ ఆడవాళ్ల సమావేశాలు పెట్టింది. వాటిని నడిపింది డాక్టర్లు కాదు, స్థానిక స్త్రీలే. 2010లో లాన్సెట్‌లో వచ్చిన ఫలితాల ప్రకారం పురిటిబిడ్డల మరణాలు బాగా తగ్గాయి. తల్లుల కుంగుబాటులో మొత్తంమీద చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ మూడో ఏట, ఒక మోస్తరు కుంగుబాటు 57 శాతం తక్కువగా ఉంది.

కాబట్టి మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. కాన్పుల లెక్క లేకుండా, కూలి నష్టానికి సరిపోయే డబ్బు కావాలి. ఆరు సందర్శనల్లోనూ మనసు గురించిన ప్రశ్న ఉండాలి. ఆ పని చేసే ఆశాకు, ఆమె కూడా పేదింటి ఆడదే, దానికి తగ్గ వేతనం, శిక్షణ ఇవ్వాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మందు దొరకాలి. కాన్పు గదిలో కులం పేరుతో అవమానిస్తే ఫిర్యాదు తీసుకునే చోటుండాలి. ఇవి వచ్చేదాకా, 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416ను ప్రతి వాడ గోడ మీదా రాద్దాం. అది ఉచితం. ఫోను లేని తల్లి దగ్గరికి మాత్రం మనమే పోవాలి.