విదేశీ విపణిలో చౌక లెన్సులు: క్షేత్రపరిశోధకుడు చదవవలసిన ధరల పాఠం

వ్యాససంగ్రహం:
తాళపత్రాలు, శాసనాలు, జానపద ప్రదర్శనల ఛాయాచిత్రీకరణ నేటి తెలుగు పరిశోధనలో విడదీయరాని భాగమైంది. పరిమితమైన ఫెలోషిప్ సొమ్ముతో నడిచే పరిశోధక విద్యార్థులు విదేశీ అమ్మకందారుల నుంచి ఆన్‌లైన్‌లో తక్కువ ధరకు దొరికే లెన్సుల వైపు మొగ్గు చూపడం సహజం. ప్రకటనలో కనిపించే ధర ఒక అసంపూర్ణ పాఠమనీ, దానిలోని లోపాలను పూరించుకొని చదివినప్పుడే కొనుగోలు లాభమో నష్టమో తేలుతుందనీ ఈ వ్యాసం వివరిస్తుంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల క్షేత్రకార్యం దీనికి నేపథ్యం.

కీలకపదాలు: క్షేత్రపరిశోధన, తాళపత్రాలు, మాక్రో లెన్సు, దిగుమతి సుంకం, గ్రే మార్కెట్, వినియోగదారు చట్టం.

1. ఉపోద్ఘాతం:

పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న కాలంలో గిడుగు వేంకట రామమూర్తిగారు ముఖలింగ దేవాలయ శాసనాల లిపిని స్వయంకృషితో నేర్చుకొని చదివారు. గురజాడ అప్పారావుగారు విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా పనిచేశారు. రాతిమీది అక్షరాన్ని బల్లమీదికి తెచ్చుకోవడానికి ఆనాటివారికి ఆధారం తడికాగితం అద్ది, సిరా పూసి తీసిన అచ్చుప్రతి. నేటి పరిశోధక విద్యార్థి చేతిలో కెమెరా ఉంది. అయితే అది ఎక్కువగా 18-55 మి.మీ. జూమ్ లెన్సుతో వచ్చిన మధ్యతరగతి కెమెరా. తాళపత్రం మీద గంటపు గీతను స్పష్టంగా పట్టుకోవడానికి అది చాలదు.

ఈ వ్యాసానికి ప్రేరణ ఒక వైఫల్యం. శ్రీకాకుళం జిల్లాలో ఒక కుటుంబం తమ ఇంటి తాళపత్ర కట్టను ఏటా దసరాకు పూజలో పెట్టి, ఆ ఒక్కరోజే విప్పుతుంది. ఎంతో బతిమాలిన మీదట ఈ వ్యాసకర్తకు ఆ పూట ఫొటోలు తీసుకొనే అనుమతి లభించింది. అందుకోసం విదేశాల్లోని ఒక అమ్మకందారు నుంచి వాడిన మాక్రో లెన్సు తెప్పించుకోవడం జరిగింది. పార్సెల్ సుంకం వద్ద నిలిచి, పండుగ ముందురోజు చేతికి అందింది. పరీక్షించే వ్యవధి లేదు. ఇంటికి వచ్చి కంప్యూటర్‌లో చూస్తే ప్రతి ఆకు మీదా పలుచని మంచు పట్టినట్టుంది. లెన్సు లోపలి గాజుకు మసక పట్టి ఉంది. కట్ట మళ్లీ విప్పేది మరుసటి దసరాకే. తప్పు కొంత అమ్మకందారుది, ఎక్కువ భాగం ప్రకటనను సరిగా చదవని కొనుగోలుదారుది.

2. ఏ పనికి ఏ లెన్సు:

ధరకంటే ముందు తేల్చుకోవలసినది అవసరం. శ్రీకూర్మం మండపంలోని నల్లరాతి స్తంభాల మీది శాసనాలకు మాక్రో లెన్సు అక్కరలేదు. ముక్కాలిపీట, పక్కనుంచి వాలుగా పడే వెలుతురు, 35 లేదా 50 మి.మీ. సాధారణ లెన్సు సరిపోతాయి. అక్షరపు గుంటలో నీడ పడితేనే శాసనం చదవడానికి వస్తుంది. అది దీపం చేయవలసిన పని, లెన్సుది కాదు. విజయదశమి తరువాతి మంగళవారం విజయనగరంలో జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవాన్ని జనం మధ్య నుంచి తీయాలంటే మాత్రం 70-200 మి.మీ. వంటి దూరపు లెన్సు కావాలి. ఏడాదికి ఒక్కసారి వచ్చే ఈ అవసరానికి అద్దె మేలు.

తాళపత్రం సంగతి వేరు. ఆకు సన్నగా, పొడవుగా ఉంటుంది. అంచులవరకు ఒకే స్పష్టత రావాలి, గీతలు వంగకూడదు. మాక్రో లెన్సులను చదునైన వస్తువులను దగ్గరగా తీయడానికి అనువుగా రూపొందిస్తారు. పీటకు బిగించి పైనుంచి తీసే పనికి 50 లేదా 60 మి.మీ. మాక్రో అనుకూలం. నికాన్ సంస్థ తన మాక్రో లెన్సులను ‘మైక్రో’ అంటుంది. ఈ పేరు తెలియకుండా వెతికితే సగం సరుకు కంటబడదు.

కెమెరాకూ లెన్సుకూ పొత్తు కుదరడం మరో మెలిక. నికాన్ డి 3000, డి 5000 శ్రేణి కెమెరాల్లో ఫోకస్ మోటారు ఉండదు. పాత ‘ఏఎఫ్-డి’ లెన్సులను వాటికి తగిలించవచ్చు గాని ఫోకస్ చేతితోనే తిప్పుకోవాలి. మన పనికి అది లోపమే కాదు. కదలని ఆకును చేతి ఫోకస్‌తో తీయడమే ఉత్తమం. అలాగే ‘ఎమ్ 42’ మరచుట్టు లెన్సుకు బిగింపు అంచు నుంచి ఫిల్ము లేదా సెన్సర్ వరకు 45.46 మి.మీ. దూరం ఉండాలి. నికాన్ ‘ఎఫ్’ కెమెరాల్లో అది 46.5 మి.మీ. ఒక మిల్లీమీటరు తేడా వల్ల, మధ్యలో గాజులేని అడాప్టరుతో బిగిస్తే దూరపు కొండలు ఫోకస్‌కు రావు. దగ్గరి తాళపత్రం నిక్షేపంగా వస్తుంది. ఇతరులు పనికిరాదని వదిలేసే చౌక లెన్సు పరిశోధకునికి అక్కరకు వచ్చే సందర్భం ఇది.

3. ప్రకటన భాష:

వాడిన లెన్సుల విపణిలో జపాన్ అమ్మకందారుల వాటా ప్రముఖం. వారి ప్రకటనలకు ఒక పరిభాష ఉంది. ‘మింట్’ అంటే టంకశాల. అప్పుడే ముద్ర వేసుకొని బయటికి వచ్చిన నాణెంలా ఉన్నదని నాణేల సేకర్తలు వాడిన మాట ఇక్కడికి వలస వచ్చింది. ‘నియర్ మింట్’ దాని దిగువ మెట్టు. ‘ఎక్సలెంట్’ అన్నది ఇంకా దిగువది. నిఘంటువు ప్రకారం అర్థం చెప్పుకొని మురిసిపోతే మోసపోతాం. అర్థాపకర్షకు ఇంతకంటే తాజా ఉదాహరణ తరగతి గదిలో చెప్పడానికి దొరకదు. ‘జంక్’ అని రాసిన దానికి ఏ హామీ ఉండదు.

శ్రేణి పేరుకంటే కింద చిన్న అక్షరాల్లో ఉండే వివరణ ముఖ్యం. ఫంగస్ అంటే గాజుమీద సాలెగూడులా పాకే బూజు. హేజ్ అంటే లోపలి గాజుకు పట్టే మసక. ‘ఫొటో మీద ప్రభావం ఉండదు’ అన్న వాక్యం ఎదురైతే ఏదో లోపం ఉన్నదనే గ్రహించాలి. ఈ వ్యాసకర్త కొన్న లెన్సు ప్రకటనలో ఆ వాక్యం ఉండనే ఉంది. దుమ్ము విషయంలో ఆ మాట చాలావరకు నిజం. మసక విషయంలో నిజం కాదు. లెన్సు వెనుక నుంచి చిన్న దీపం వేసి తీసిన ఫొటో పంపమని అడగాలి. పంపని చోట కొనకపోవడం మంచిది.

4. సుంకం:

శాసన పాఠాల్లో మనం తరచు చూసే ‘సుంకము’ సంస్కృత ‘శుల్క’ శబ్దభవం. వంశధార సంగమంలోని కళింగపట్నం రేవులో ఓడలు ఆగిన రోజులు పోయాయి, మాట మాత్రం మిగిలింది. ఇప్పుడది విదేశీ తపాలా కార్యాలయంలోనో, విమానాశ్రయ కొరియర్ కేంద్రంలోనో పార్సెల్ మీద పడుతుంది.

సుంకం లెక్కించేది వస్తువు ధర ఒక్కదాని మీదే కాదు. రవాణా, బీమా ఖర్చులు కలిపిన మొత్తం మీద. దానిపై మూల సుంకం, ఆ సుంకంలో నూటికి 10 చొప్పున సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి, ఇవన్నీ కలిపిన మొత్తం మీద ఐజీఎస్టీ పడతాయి. పన్నుమీద పన్ను అన్నమాట. లెన్సు రూ. 40,000, రవాణా, బీమా రూ. 2,000 అనుకుందాం. మూల సుంకం నూటికి 10, ఐజీఎస్టీ నూటికి 18 అని ఊహిస్తే, సుంకం 4,200, సర్‌ఛార్జి 420, మొత్తం 46,620. దానిపై ఐజీఎస్టీ 8,391 రూపాయల 60 పైసలు. వెరసి రూ. 55,012. విదేశీ చెల్లింపుకు బ్యాంకు నూటికి 3 చొప్పున తీసుకొని, దానిపై జీఎస్టీ వేస్తే రూ. 56,500కు చేరువవుతుంది. కొరియర్ సంస్థ రుసుము అదనం. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి కొనే రోజున చూసుకోవాలి. ఇక్కడి అంకెలు లెక్క నడిచే తీరు చూపడానికే. రూ. 50,000కు మన ఊరి బిల్లుతో దొరికే లెన్సు కంటే రూ. 40,000 ప్రకటన ఖరీదైనదిగా తేలడం గమనార్హం.

కొందరు అమ్మకందారులు పార్సెల్ మీద ‘కానుక’ అని గాని, తక్కువ ధర గాని రాసి పంపుతామని తామే ముందుకొస్తారు. 2019 డిసెంబరు 12న విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ ఇచ్చిన ప్రకటనతో ప్రాణరక్షక ఔషధాలు, రాఖీలు తప్ప మరేవీ కానుక పేరిట తపాలా, కొరియర్ల ద్వారా దిగుమతి చేసుకోవడానికి వీలు లేకపోయింది. విలువ తప్పుగా చూపిన సరుకును 1962 కస్టమ్స్ చట్టం 111వ సెక్షన్ కింద జప్తు చేయవచ్చు, 112వ సెక్షన్ కింద జరిమానా విధించవచ్చు. పైగా పార్సెల్ దారిలో పోతే బీమా ఆ రాసిన తక్కువ ధరకే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

కళాశాల నిధులతో కొనేవారికి ఇంకొక చిక్కు. విదేశీ బిల్లు మీద జీఎస్టీ సంఖ్య ఉండదు, సరుకు వ్యక్తి పేరిట వస్తుంది. ఆడిట్‌లో దీనికి సమాధానం చెప్పడం కష్టం.

5. గ్రే మార్కెట్, వారంటీ:

కొత్త లెన్సులు అంత చౌకగా ఎలా వస్తాయన్న సందేహం న్యాయమైనదే. చాలా సందర్భాల్లో అవి నకిలీలు కావు. తయారీ సంస్థ ఒక దేశంలో తక్కువ ధరకు విడుదల చేసిన సరుకును వ్యాపారులు మరో దేశానికి మళ్లిస్తారు. దీనినే గ్రే మార్కెట్ అంటారు. శామ్‌సంగ్ ప్రింటర్లకు సంబంధించిన కపిల్ వాధ్వా వ్యాజ్యంలో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 2012 అక్టోబరులో, అసలైన సరుకును ఇలా దిగుమతి చేసి అమ్మడం 1999 ట్రేడ్ మార్కుల చట్టానికి విరుద్ధం కాదని తేల్చింది. అయితే ఆ సరుకుకు తయారీ సంస్థ వారంటీ లేదని దుకాణంలో స్పష్టంగా తెలపాలని ఆదేశించింది. మనకు పనికివచ్చే భాగం ఈ రెండవది. వారంటీ ఏ దేశానికి వర్తిస్తుందో కొనకముందే అడిగి, జవాబును రాతలో ఉంచుకోవాలి.

6. వివాదం తలెత్తితే:

2019 వినియోగదారుల రక్షణ చట్టం కొనుగోలుదారు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకొనే వీలు కల్పించింది. 2020 ఈ-కామర్స్ నియమాలు భారతదేశంలో స్థాపితం కాకపోయినా ఇక్కడి వినియోగదారులకు క్రమపద్ధతిలో సరుకు అందించే సంస్థలకూ వర్తిస్తాయి. కాగితం మీద ఇది బలమైన రక్షణ. కాని టోక్యోలోనో హాంకాంగ్‌లోనో ఉన్న చిన్న వ్యాపారి మీద శ్రీకాకుళం జిల్లా కమిషన్ ఉత్తర్వును అమలు చేయించడం ఎవరి తరం? ఆచరణలో ఉపకరించేది కార్డు చెల్లింపు మీద బ్యాంకుకు చేసే అభ్యంతరం, కొనుగోలు వేదిక ఇచ్చే కొన్ని వారాల గడువు. పార్సెల్ విప్పడం వీడియో తీయాలి. అందిన రోజే లెన్సు లోపల దీపం వేసి చూడాలి. అందుచేత క్షేత్రకార్యానికి కనీసం రెండు నెలల ముందు తెప్పించుకోవడం ఉచితం.

7. దగ్గరి దారులు:

మన ప్రాంతపు స్టూడియో ఛాయాగ్రాహకులు పెళ్లిళ్లలో నగలు, ఉంగరాలు తీయడానికి మాక్రో లెన్సులు వాడతారు. ముహూర్తాలు లేని ఆషాఢంలో వాటికి పని తక్కువ. అద్దెకు, కొన్నిసార్లు అమ్మకానికి కూడా దొరుకుతాయి. చేతిలోకి తీసుకొని, మన కెమెరాకే తగిలించి చూసుకోవచ్చు. ఎక్కడ కొన్నా తీరప్రాంతపు తేమను మాత్రం మరువరాదు. మూత బిగువైన డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో భద్రపరచాలి. బియ్యం డబ్బాలో పెట్టే అలవాటు కొందరికి ఉంది. తేమ ఎంత పీలుస్తుందో గాని, తవుడు పొడి లెన్సు కీళ్లలోకి చేరుతుంది.

మరుసటి దసరాకు ఈ వ్యాసకర్త అదే ఇంటికి అద్దెకు తెచ్చిన 60 మి.మీ. లెన్సుతో వెళ్లడం జరిగింది. మొదటి ఏడాది ఫొటోలనుంచి రాసుకున్న ప్రతిని కొత్తవాటితో సరిపోల్చినప్పుడు ‘ప’కారాలు చాలాచోట్ల ‘వ’కారాలుగా పడి ఉన్నాయి. తలకట్టుకూ అక్షరానికీ నడుమ ఉన్న వెంట్రుకవాసి ఖాళీని ఆ మసక పూడ్చివేసింది.