డెంటిస్టే.. కానీ క్లినిక్ ఉండదు!

డాలస్‌లో మనవాళ్ల ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్లినా ఒకరిద్దరు బీడీఎస్‌లు కనిపిస్తారు. చాలామంది డిపెండెంట్ వీసా మీద వచ్చి, సర్టిఫికెట్లు బీరువాలో పెట్టి, టెస్టింగ్ కోర్సు నేర్చుకుంటున్నవాళ్లే. మా ఆవిడ కూడా కొంతకాలం ఆ వరసలోనే ఉంది.

ఇండియా డిగ్రీతో ఇక్కడ నేరుగా ప్రాక్టీసు పెట్టడం కుదరదు. పరీక్ష రాసి, విదేశీ డెంటిస్టులకు ఉండే రెండు మూడేళ్ల కోర్సులో సీటు తెచ్చుకోవాలి. ఫీజు చాలాచోట్ల లక్ష డాలర్లు దాటుతుంది. ఇంటి లోను, ఇద్దరు పిల్లలు ఉన్న మాకు అది మింగుడుపడలేదు.

అప్పుడు తెలిసింది డెంటల్ పబ్లిక్ హెల్త్ రెసిడెన్సీ గురించి. ఆర్థోడాంటిక్స్‌లాగే ఇదీ అమెరికాలో 1950ల నుంచి గుర్తింపు ఉన్న స్పెషాలిటీ. ఎంపీహెచ్ చేసినవాళ్లకు ఏడాది చాలు. తర్వాత బోర్డు పరీక్ష ఉంటుంది. కొన్ని యూనివర్సిటీలు మన బీడీఎస్‌లనూ తీసుకుంటాయి. కొన్ని స్టైపెండ్ ఇస్తాయి, కొన్ని ఎదురు ఫీజు అడుగుతాయి. చేరేముందే కనుక్కోవాలి.

మా ఆవిడ ఎంపీహెచ్ ముగించి ఇప్పుడు ఆ రెసిడెన్సీలో ఉంది. మూడో తరగతి పిల్లల్లో ఎందరికి పుచ్చు పళ్లున్నాయో, ఎందరికి సీలెంట్లు వేశారో లెక్కలు తీస్తుంది. ఏ స్కూలుకు ముందు వెళ్లాలి, వెళ్లాక పుచ్చు తగ్గిందా అన్నది చూస్తుంది. మా ఆఫీసు భాషలో చెప్పాలంటే, ఒక్కో టికెట్ మూసేవాళ్లు వేరు, అదే టికెట్ మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందో తవ్వేవాళ్లు వేరు. ఈవిడ రెండో రకం.

ఆమెది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ అంటే గారపట్టిన పళ్లు, వంగిపోయిన నడుములు అని చూస్తూ పెరిగింది. ఇక్కడేమో మిషిగన్‌లోని గ్రాండ్ రాపిడ్స్ 1945లోనే, ప్రపంచంలో మొదటిసారిగా, పుచ్చు తగ్గడానికి తాగునీటిలో ఫ్లోరైడ్ కలిపింది. ఇప్పటి సిఫారసు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మన దేశంలో 1 దాటకూడదు, వేరే నీళ్లు లేకపోతే 1.5 వరకు. అక్కడ పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి పేరే ‘నల్గొండ టెక్నిక్’. 2025లో యూటా, ఫ్లోరిడా రాష్ట్రాలు నీళ్లలో ఫ్లోరైడ్ కలపడాన్ని నిషేధించాయి. ఈ గొడవ మీద ఇంట్లో మాట మొదలైతే అన్నం చల్లారిపోవాల్సిందే.

‘మా బిడ్డ క్లినిక్ ఎప్పుడు పెడ్తది అల్లుడూ?’ అని మా అత్తగారు ప్రతి ఆదివారం అడుగుతారు. పెట్టదు. ఈ రెసిడెన్సీ చేసినంత మాత్రాన పేషెంట్లకు వైద్యం చేసే లైసెన్సు రాదు, అది రాష్ట్రాల చేతిలో ఉంటుంది. డ్రిల్ పట్టుకోవాలన్న కోరిక బలంగా ఉన్నవాళ్లకు నేను దీన్ని సిఫారసు చేయను, అప్పుచేసైనా మొదటి దారిలో వెళ్లడమే మేలు. లెక్కలన్నా, జనంతో పనన్నా ఇష్టమున్నవాళ్లు మాత్రం తప్పక ఆలోచించాలి.

వీసా సంగతి తేలిగ్గా తీసుకోవద్దు. మా ఆవిడకు హెచ్4 ఈఏడీ ఉంది కాబట్టి గడిచింది. ఫెడరల్ సంస్థలు నడిపే ప్రోగ్రాములకు, ఉద్యోగాలకు సిటిజన్‌షిప్పో, గ్రీన్‌కార్డో అడగడం మామూలే. ఆమె రెసిడెన్సీ జూన్‌తో అయిపోతుంది. రాత్రి పిల్లలు పడుకున్నాక ఇద్దరం కూర్చుని ఉద్యోగ ప్రకటనలు చూస్తున్నాం. పని, జీతం అన్నీ నచ్చాక, కింద ‘సిటిజన్లకు మాత్రమే’ అన్న వాక్యం దగ్గర చాలాసార్లు ఆగిపోతున్నాం. యూనివర్సిటీలకు, కౌంటీ ఆరోగ్య శాఖలకు కూడా దరఖాస్తులు పంపింది. ఇంకా ఎవరూ పిలవలేదు.