ఔషధానిష్ట వృత్తాంతములు: జర్మను పదముల ఆంగ్లానువాదము

భాగ్యనగరమునకు వాయవ్యమున నున్న మూసాపేటనుండి కైతలాపురము మీదుగా హైటెక్ సిటీకి అనుదినము పోవు ఉద్యోగులలో కొందఱి పని శాబ్దికులు పరిశీలింపదగినది. జర్మనీలో ఒకరికి మందు పుచ్చుకొనిన పిదప కీడు కలిగినచో వైద్యుడో రోగియో ఆ సంగతిని తన భాషలో వ్రాసి తెలుపును. అట్టి వృత్తాంతములను ఆంగ్లమునకు మార్చి, మెడ్‌డ్రా యను వైద్యపదకోశమునుండి సంకేతసంఖ్యలు చేర్చి, విమర్శకుల యెదుట పెట్టుట ఈ ప్రాంతపు కార్యాలయములలో జరుగు పనులలో నొకటి. ఈ శాస్త్రమునకు ఫార్మకోవిజిలెన్స్ అని పేరు. ఔషధజాగరూకత యని తెలుగున చెప్పవచ్చును. ఇందు అనువాదకుని ధర్మ మొక్కటియే. మూలమున ఎంత నిశ్చయము కలదో పరభాషలో నంతయే యుండవలెను. అధికము కారాదు, న్యూనము కారాదు.

ఈ నియమము వట్టి పాండిత్యవినోదము కాదు. 1957 అక్టోబరు 1 వ తేదీన కాంటెర్‌గాన్ అను నిద్రమందు జర్మనీలో విక్రయమునకు వచ్చెను. అందలి ద్రవ్యము థాలిడోమైడ్. గర్భిణులు దానిని సేవింపగా అవయవములు సరిగా నేర్పడని శిశువులు పుట్టిరి. లోకమున అట్టివారు సుమారు పదివేలమంది. 1961 నవంబరున హాంబర్గు శిశువైద్యుడు విడుకింద్ లెంత్స్ ఆ మందును శంకించి తెలుపగా, ఆ నెల 27 వ తేదీన అమ్మకము నిలిచెను. డిసెంబరున ఆస్ట్రేలియా వైద్యుడు విలియం మెక్‌బ్రైడ్ వ్రాసిన లేఖ లాన్సెట్ అను ఆంగ్లపత్రికలో వెలువడెను. ఒకే యనర్థమును ఇరువురు రెండు భాషలలో గుర్తించిరి. దేశదేశములందలి శంకలు ఒకచోట చేరినగాని అపాయము త్వరగా తెలియదని గ్రహించి, ప్రపంచారోగ్యసంస్థ 1968 లో పది దేశములతో వృత్తాంతసేకరణము నారంభించెను.

ఇక పదవిచారము. జర్మనుభాష సంస్కృతమువలె సమాసప్రియము; ఉత్తరపదమే తఱచు ప్రధానము. ‘ఫెర్‌డాఖ్ట్స్‌ఫాల్’ అనగా శంకగల ఉదంతము. దీనిని ఉత్తరపదమాత్రముగా ‘కేస్’ అని విడిచినచో శంక నిశ్చయమైపోవును. ‘సస్పెక్టెడ్ కేస్’ అనవలెను. విగ్రహము చెప్పినంతమాత్రమున అర్థము తేలని సమాసములును గలవు. ‘ష్టూఫెన్‌ప్లాన్‌బెఔఫ్ట్రాగ్టర్’ అను పదమునకు సోపానప్రణాళికయందు నియుక్తుడని విగ్రహము. జర్మను ఔషధశాసనము ప్రకారము మందుల అపాయవార్తలను సేకరించి విచారించు బాధ్యతగలవాడని వివరింపనిచో ఆంగ్లపాఠకునికి ఏమియు తెలియదు. ‘నేబెన్‌విర్కుంగ్’ అవయవార్థమున పార్శ్వఫలము. శాసనమున నైతే ఔషధమువలన కలిగిన హానికరము, అనుద్దిష్టము నగు ప్రతిక్రియయని నిర్వచనము గలదు. కావున యోగమును పట్టి ‘సైడ్ ఎఫెక్ట్’ అనుటకంటె రూఢిని పట్టి ‘అడ్వర్స్ రియాక్షన్’ అనుట యుక్తము.

ఔషధపరీక్షలలో ‘ఉన్‌ఎర్‌వ్యూన్ష్‌టెస్ ఎర్‌ఐగ్నిస్’ అను మఱియొక మాట కలదు. ఇది అనిష్టఘటన మాత్రమే. మందే కారణమని చెప్పదు. కాకి వ్రాలుట, తాటిపండు పడుట ఒకే క్షణమున జరిగినను కాకి కారణము కాకపోవచ్చును. కాకతాళీయమును కార్యకారణభావముగా అనువదించినచో నిర్దోషమైన మందుపై నింద పడును; కార్యకారణశంకను కాకతాళీయముగా అనువదించినచో సదోషమైన మందు తప్పించుకొనును.

‘ష్వేర్’, ‘ష్వేర్‌వీగెండ్’ అను రెండు పదములును చూపునకు సమీపములు. మొదటిది బాధయొక్క తీవ్రతను తెలుపును, ఆంగ్లమున ‘సివియర్’. రెండవది పరిణామముయొక్క గురుత్వమును తెలుపును; ఆంగ్లమున ‘సీరియస్’. మరణము, ప్రాణాపాయము, ఆసుపత్రిలో చేరుట లేక అచట ఎక్కువదినము లుండవలసివచ్చుట, శాశ్వతవైకల్యము, జన్మతో వచ్చిన లోపము అనునవి గురుత్వమునకు లక్షణములు. భరింపరాని తలనొప్పి ఇంటనే తగ్గినచో తీవ్రమేకాని గురువు కాదు. స్వల్పముగా వచ్చిన పక్షవాతము ఆసుపత్రికి చేర్చినచో తీవ్రము కాకున్నను గురువు. ఐరోపాసమాఖ్యలో గురువైన శంకితప్రతిక్రియను 15 దినములలో, తక్కినదానిని 90 దినములలో నివేదింపవలెను. ఒక్కపదము తారుమారైనచో వార్త 75 దినములు ఆలస్యము కావచ్చును.

క్రియాపదమందును జాగ్రత్త వలయును. జర్మనులో ఇతరుల మాటను తాను పూచీపడక చెప్పుటకు ప్రత్యేకరూపము కలదు. ‘డీ పట్సియెంటిన్ జై గెష్ట్యూర్ట్‌స్ట్’ అనగా ‘రోగిణి పడినదట’ యని యర్థము. తెలుగునందలి ‘అట’ దీనికి చక్కని సాటి. పాణిని పరోక్షభూతమునకు లిట్టును విధించెను; అది కాలవిషయము, ఇది వక్తృప్రామాణ్యవిషయము, అయినను కంటితో చూడనిదానిని చూచినట్లు చెప్పరాదను వివేకము రెంటను గలదు. ఆంగ్లమున ‘రిపోర్టెడ్‌లీ’ యని చేర్చనిచో వినికిడి ప్రత్యక్షప్రమాణమైపోవును.

రూపసామ్యమువలనను మోసము గలదు. ‘ఎవెంటువెల్’ అనగా బహుశః. ఆంగ్లమున ‘ఎవెంచువల్లీ’ అనగా తుదకు. అంకెలలో జర్మనులు దశాంశమునకు కామా నుంచుదురు. ‘2,5’ అనగా రెండున్నర. కామా జారినచో మోతాదు పదిరెట్లగును. వారి ‘1.000’ వేయి, ఒకటి కాదు.

ఈ విచారము తెలుగువారికిని ఆవశ్యకము. భారతదేశమున 2010 లో ఔషధజాగరూకతాకార్యక్రమ మారంభమయ్యెను. 2011 నుండి ఘజియాబాదులోని భారత ఔషధకోశసంఘము దానికి కేంద్రము. ప్రజలు మందులవలని కీడును తెలుపుటకు 1800-180-3024 అను ఉచిత ఫోను సంఖ్య కలదు. తెలుగున మనము వాడు ‘దుష్ఫలితము’ ఘటనకును, ప్రతిక్రియకును, తీవ్రమునకును, గురువునకును ఒక్కటియే. అనిష్టఘటన, అనిష్టప్రతిక్రియ యని రెండు నామములను, తీవ్రము, గురువు అని రెండు విశేషణములను వేఱుచేసి పాఠశాలలనుండియే నేర్పుట మేలు. తన భాషలో భేదమెఱుగనివాడు పరభాషలో దానిని నిలుపజాలడు.