వరుసలో ముందున్న మెసేజ్ వయసెంత?

రాత్రి ఒంటిగంట దాటి పది నిమిషాలైంది. హైదరాబాద్‌లో నేను అప్పట్లో నైట్ షిఫ్ట్ చేసే ఆఫీసులో, గోడ మీది తెర నిండా పచ్చ చుక్కలే. అయినా ఫోన్ మోగింది. “పంపిన చెల్లింపులకు గంటన్నరగా జవాబు రావడం లేదండీ, మీ దగ్గర ఏమైనా ఆగిందా?” చెల్లింపుల క్యూ తెరిచి చూశాను. 41 మెసేజ్‌లున్నాయి. ఐదు వేలు పట్టే క్యూలో నలభై ఒకటి ఒక లెక్కా అనిపించింది. అంతా బాగానే ఉందని చెప్పబోయాను.

పెద్ద సంస్థల్లో ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్‌తో ప్రతిసారీ నేరుగా మాట్లాడదు. ఉత్తరం తపాలా డబ్బాలో వేసి మన దారిన మనం పోయినట్టే, మెసేజ్‌ను ఒక క్యూలో పెట్టి తన పని తాను చూసుకుంటుంది. అందుకోవలసిన ప్రోగ్రామ్ వీలైనప్పుడు తీసుకుంటుంది. అవతలి సర్వర్ పడిపోయినా, డిస్కు మీద రాసిపెట్టిన మెసేజ్ ఎక్కడికీ పోదు. ఇలా మధ్యన నిలబడి చేరవేసే సాఫ్ట్‌వేర్‌ను మిడిల్‌వేర్ అంటారు. ఐబీఎం 1993లో ఎంక్యూసిరీస్ పేరుతో తెచ్చి, ఇవాళ ఐబీఎం ఎంక్యూ అని పిలుస్తున్నది ఈ కోవలోదే. ఆ రాత్రి నా ముందున్నదీ అదే.

అందులో మామూలు క్యూకు పుట్టుకతో వచ్చే హద్దు 5,000 మెసేజ్‌లు. 80 శాతం, అంటే 4,000 నిండితే హెచ్చరిక పంపేలా పెట్టుకోవచ్చు. మేమూ అదే పెట్టుకున్నాం. కానీ అర్ధరాత్రి రాకపోకలు పలచన. గంటన్నరకు 41 చొప్పున చేరితే, నాలుగు వేలు నిండడానికి ఆరు రోజులు పడుతుంది. అన్నాళ్లూ మా తెర మీద పచ్చ చుక్కే వెలుగుతుంది.

క్యూ పొడవును బట్టి దాని ఆరోగ్యం చెప్పలేం. దీని వెనక గట్టి గణితమే ఉంది. కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ 1909లో ఫోన్ కాల్స్ రాకల మీద రాసిన పత్రంతో వరుసల శాస్త్రానికి పునాది పడింది. 1961లో జాన్ లిటిల్ అనే అమెరికన్ ఒక సూత్రాన్ని నిరూపించాడు. వరుసలో సగటున ఉన్నవాటి సంఖ్యను అవి వచ్చే వేగంతో భాగిస్తే, ఒక్కొక్కటి సగటున ఎంతసేపు ఆగుతోందో తెలుస్తుంది. సెకనుకు పది వచ్చే క్యూలో 300 ఉన్నాయంటే నిరీక్షణ అర నిమిషం. నిమిషానికి ఒకటే వచ్చే క్యూలోనూ అదే 300 ఉంటే? ఐదు గంటలు. పొడవు ఒకటే, బాధ వేరు.

ఇంకో సంగతి కూడా ఆ శాస్త్రమే చెబుతుంది. రాకలూ పనీ ఒక పద్ధతి లేకుండా జరిగే చోట, కౌంటరు ఒక్కటే ఉంటే, అది 80 శాతం సమయం పనిలో ఉన్నప్పుడు అక్కడ సగటున నలుగురుంటారు. 90 శాతమైతే తొమ్మిది మంది, 95 అయితే పంతొమ్మిది మంది. అందుకే నిన్నటిదాకా సాఫీగా సాగిన క్యూ, నెలాఖరున కాస్త బరువు పెరగగానే ఒక్కసారిగా ఉబ్బిపోతుంది.

కాబట్టి క్యూను కనిపెట్టుకుని ఉండేవాళ్లు మొదట అడగాల్సింది, వరుసలో అందరికన్నా ముందున్న మెసేజ్ ఎంతసేపటి నుంచి ఉందని. ఆ తరువాత, చివరిసారి ఎవరైనా ఎప్పుడు తీసుకున్నారని. ఎంక్యూ ఈ రెండూ చెప్పగలదు. అయితే ఆ లెక్కలు మామూలుగా ఆపేసి ఉంటాయి, మనమే తెరవాలి. మేం తెరవలేదు. అందుకని ముందున్న మెసేజ్‌ను క్యూలోంచి తీయకుండా విప్పి, హెడర్‌లో అది చేరిన వేళ చూశాను. 18:10. సాయంత్రం నుంచి పడి ఉందా అని గుండె ఆగినంత పనైంది. ఆ వేళ గ్రీనిచ్ సమయంలో ఉంటుందని తరువాతి క్షణంలో గుర్తొచ్చింది. ఐదున్నర గంటలు కలిపితే మన 11:40. సరిగ్గా గంటన్నర.

మరి చదివే ప్రోగ్రామ్ ఏమైంది? బతికే ఉంది. క్యూను తెరిచి పట్టుకున్నవాళ్లు ఎందరని అడిగితే ‘ఒకరు’ అని వచ్చింది. ఆ ఒక్కటీ క్యూను పట్టుకుని కదలకుండా కూర్చుంది.

చేర్చలేని మెసేజ్‌లు పడే డెడ్ లెటర్ క్యూ కూడా చూశాను, ఖాళీ. ఆ పేరు తపాలావాళ్లదే. చిరునామా దొరకని ఉత్తరాలకు మన తపాలా శాఖలో రిటర్న్‌డ్ లెటర్ ఆఫీసు ఉన్నట్టే ఇదీ. అందులో పడే ప్రతి మెసేజ్ మీద కారణం అంకెల్లో ఉంటుంది. 2053 అంటే గమ్యం క్యూ నిండిపోయింది, 2085 అంటే ఆ పేరుతో క్యూయే లేదు. ఈ క్యూకు శాతాల హద్దు పెట్టడం తప్పని నా గట్టి అభిప్రాయం. ఒక్కటి పడినా మనిషి లేచి చూడాలి. అది ఎవరి జీతమో కావచ్చు.

అన్నీ ఎంక్యూలా ఉండవు. కాఫ్కా వంటి సాఫ్ట్‌వేర్‌లో చదివినంత మాత్రాన మెసేజ్ తొలగిపోదు కాబట్టి, అక్కడ పొడవు చూసి లాభం లేదు. రాసినవాళ్లు ఎక్కడిదాకా వచ్చారు, చదివేవాళ్లు ఎక్కడున్నారు అన్న ఎడాన్ని కొలుస్తారు. దాన్ని ల్యాగ్ అంటారు.

ఇక ఆ రాత్రి, ఫోన్‌లో ఉన్నాయనకు విషయం చెప్పి, బిగుసుకుపోయిన ప్రోగ్రామ్‌ను ఆపేశాను. తెర మీద 41 కాస్తా 42 అయింది. కొత్తది రాలేదు. ఆ ప్రోగ్రామ్ క్యూలోంచి తీసుకుని, పని పూర్తయిందని చెప్పకుండా చేతిలో పట్టుకున్న మెసేజ్, అది పోగానే మళ్లీ తన చోటికి, వరుస మొదటికి వచ్చి నిలబడింది. విప్పి చూశాను. చేరిన వేళ 18:09. వెనక్కి వచ్చిన సార్లు, 1. ప్రోగ్రామ్‌ను మళ్లీ నడిపించాను.