మీకు తెలుసా? గిటార్‌కు గొంతు చుట్టినవాళ్ళు

వాయించినవాడి పేరు రికార్డు అట్ట మీద ఉంటుంది. తయారుచేసిన కంపెనీ పేరు గిటార్ తల మీదే ఉంటుంది. తీగల కింద చిన్న పెట్టెలా కనిపించే పికప్‌ను ఎవరు రూపొందించారో మాత్రం ఎవరికీ పట్టదు. ఎవరికీ పట్టని ఆ పనిలోనే పేరు తెచ్చుకున్న మనిషి బిల్ లారెన్స్. 2013 నవంబర్ 2న, 82 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన్నీ, ఆయనకు ముందు ఆ దారి వేసినవాళ్ళనీ తలుచుకుంటూ కొన్ని సంగతులు. సూరత్ చుట్టుపక్కల మగ్గాల దగ్గరా నూలు మిల్లుల్లోనూ పనిచేసే మన తెలుగువాళ్ళకు ఇందులో సగం తెలిసిన పనే.

• ఎలక్ట్రిక్ గిటార్ పికప్‌లో మైకు ఉండదని మీకు తెలుసా? అయస్కాంతం, దాని చుట్టూ రాగి తీగ, అంతే. పైనున్న ఉక్కు తీగ ఊగితే అయస్కాంత క్షేత్రం చెదురుతుంది. ఆ చెదరడంతో రాగి చుట్టలో సన్నటి కరెంటు పుడుతుంది. 1831లో మైఖేల్ ఫారడే కనిపెట్టిన సూత్రమే ఇది, పెళ్ళిపందిట్లో జనరేటర్ నడిచేదీ దీనిమీదే. ఫెండర్ కంపెనీ స్ట్రాటోకాస్టర్ గిటార్ పికప్ ఒక్కదానిలో సుమారు 8,000 చుట్లుంటాయి. రాగి తీగ మందం 0.06 మిల్లీమీటర్లు, దాదాపు తలవెంట్రుకంత. విప్పి పరిస్తే కిలోమీటరు దాటుతుంది.

• సూరత్ జిల్లా పల్సానా తాలూకాలోని జోల్వాలో గార్డెన్ సిల్క్ మిల్స్ ప్లాంటు ఉంది. అక్కడ పాలియెస్టర్ దారం బాబిన్లకెక్కుతుంది. అమెరికాలో గిబ్సన్ కంపెనీ 1950లలో తన పేరుమోసిన పికప్‌లను చుట్టింది లీసోనా యంత్రాల మీద. ఈ లీసోనా మొదటి పేరు యూనివర్సల్ వైండింగ్ కంపెనీ, దాని అసలు వ్యాపారం దారం చుట్టే యంత్రాలు! అంటే రాక్ సంగీతపు మోతకు పుట్టిల్లు ఒకరకంగా నేతపరిశ్రమే.

కండె చుట్టినవాళ్ళకు బిగువు సంగతి చెప్పక్కర్లేదు. మరీ లాగితే దారం తెగుతుంది, వదులైతే కండె గుల్లబారుతుంది. పికప్ కూడా అంతే. బిగువు ఎక్కువైతే రాగి తీగ సాగి సన్నబడుతుంది, తక్కువైతే చుట్లు కదులుతాయి. ఫెండర్‌లో చాలాకాలం తీగను వేళ్ళతోనే అటూ ఇటూ నడిపేవారు. 1956లో ఆ కంపెనీలో చేరి 2013లో రిటైరైన అబిగైల్ ఇబార్రా చుట్టిన పికప్‌లకు ఇప్పటికీ ప్రత్యేకంగా గిరాకీ ఉంది. ఇంజనీర్లను తలుచుకునేటప్పుడు ఆ చేతుల్ని వదిలేయడం నాకు అన్యాయమనిపిస్తుంది.

• మొదటి పికప్‌కు రాగి తీగ చుట్టింది బట్టలుతికే యంత్రపు మోటారుతో. తయారుచేసింది జార్జ్ బోషాం, 1931 ప్రాంతంలో. తరవాత కుట్టుమిషను మోటారుకు మారారని ఆయనకు సాయంగా ఉన్న పాల్ బార్త్ చెప్పాడు. (చేతిపనిని మోటారుకు అప్పగించిన కథంటే మనకు వెంటనే గుర్తొచ్చేది ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం. తల్లి భుజాల నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశాడు, 2017లో పద్మశ్రీ అందుకున్నాడు.)

బోషాం 1934లో పేటెంటుకు దరఖాస్తు పెడితే, అసలు ఇది పనిచేస్తుందా అని పరిశీలకులకు అనుమానమొచ్చింది. కాగితాలతో వాళ్ళు నమ్మలేదు. హవాయి గిటారిస్టు సోల్ హూపీతో పాటు కొందరు వాద్యకారులను వాషింగ్టన్ పంపి, పేటెంటు ఆఫీసులోనే కచేరీ పెట్టించారు. పేటెంటు చేతికొచ్చేసరికి 1937 ఆగస్టు అయింది. ఈలోగా మిగతా కంపెనీలు సొంత పికప్‌లతో బజారుకెక్కాయి. బోషాం 1941లో పోయాడు.

• మగ్గాల షెడ్డు పక్కన గిటార్ వాయిస్తే స్పీకర్‌లో గుయ్యిమని రొద వస్తుంది. మన దేశంలో కరెంటు సెకనుకు 50 సార్లు ఊగుతుంది, పికప్‌లోని రాగి చుట్ట ఆ ఊపును కూడా పట్టేస్తుంది. గిటార్‌తో పాటు మీరు మెల్లగా పక్కకు తిరగండి, ఒక దిక్కున రొద తగ్గుతుంది.

ఈ పీడకు మందు కనిపెట్టినవాళ్ళలో అందరికన్నా పేరున్నవాడు సెత్ లవర్. 1910 జనవరి 1న కాలమజూలో పుట్టాడు, అమెరికా నౌకాదళంలో రేడియో పని చేశాడు, తరవాత గిబ్సన్‌లో చేరాడు. రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ఒకదానిలో చుట్టే దిశనూ అయస్కాంత ధ్రువాన్నీ తిరగేశాడు. కరెంటు రొద రెండింటిలో ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. తీగ స్వరం మాత్రం రెండుసార్లు తిరగబడటంతో మళ్ళీ ఒకవైపే చేరి బలపడుతుంది. దీని పేరే హంబకర్. 1955 జూన్‌లో దరఖాస్తు, 1959 జులైలో పేటెంటు.

• అసలు తమాషా ఆ తరవాత జరిగింది. దరఖాస్తు నడుస్తున్న రోజుల్లో పికప్ అడుగున ‘పేటెంట్ అప్లైడ్ ఫర్’ అని చీటీ అంటించేవారు. ఆ చీటీ పికప్‌లే ఇవాళ పీఏఎఫ్ పేరుతో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. పేటెంటు వచ్చాక చీటీ మీద నంబరు వేయాలి కదా, వేశారు: 2,737,842. వెతికి చూస్తే అది పికప్‌ది కాదు, గిటారిస్టు లెస్ పాల్ పేరున ఉన్న తోకపట్టీది, అంటే గిటార్ అడుగున తీగలు తగిలించే ఇనప ముక్కది. నకలు చేసేవాళ్ళను దారి తప్పించడానికేనని చాలామంది నమ్మకం. నాకైతే అది పొరపాటు అనిపించదు. లవర్ 1967లో ఫెండర్‌కు మారి, అక్కడ ఇంకో హంబకర్ చేశాడు. 1997 జనవరి 31న పోయాడు.

• బిల్ లారెన్స్ అసలు పేరు విల్లీ లోరెంజ్ స్టిచ్. 1931 మార్చి 24న జర్మనీలో, కొలోన్ దగ్గర పుట్టారు. మొదట ఆయన జాజ్ గిటారిస్టు. వేదిక మీద పేరు బిల్లీ లోరెంటో, ఫ్రేమస్ కంపెనీ ఆ పేరుతో గిటార్ కూడా అమ్మింది. అంటే పికప్ లోపం ఆయనకు ముందు చెవికి తెలిసింది, తరవాతే చేతికి. ఈయనలో నాకు నచ్చేది అదే.

అమెరికా వెళ్ళాక గిబ్సన్‌కు ఎల్6-ఎస్ గిటార్ రూపొందించారు, 1973లో వచ్చింది. తరవాత సొంతంగా చేసిన ఎల్-500 పికప్‌లో ఆరు తీగలకు ఆరు ఇనప మొలలు ఉండవు, రెండు పొడుగాటి పలకలుంటాయి. తేడా ఏమిటంటారా? తీగను పక్కకు లాగి స్వరం సాగదీసినప్పుడు అది తన మొల మీది నుంచి జరిగిపోయి శబ్దం కుంగుతుంది. పలక మీద ఎటు లాగినా కింద ఇనుము ఉండనే ఉంటుంది. పాంటెరా బృందపు డైమ్‌బ్యాగ్ డారెల్ ఈ పికప్‌తోనే గర్జించాడు. లారెన్స్ 70 దాటాక కూడా ఫెండర్‌తో కలిసి సమేరియం కోబాల్ట్ అయస్కాంతాలతో రొద లేని పికప్‌లు చేశారు. భార్య బెకీతో కలిసి వైల్డ్ పేరుతో సొంత పికప్‌లు అమ్మారు.

• వదులు చుట్టున్న పికప్ స్పీకర్ ముందు కీచుమంటుంది. అందుకే కరిగిన మైనంలో ముంచుతారు.

• తీగను పక్కకు లాగి గమకం పలికించడం మనకు కొత్త కాదు. పాలకొల్లులో పుట్టి, 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేసిన మాండలిన్ శ్రీనివాస్ వాయించింది ఎలక్ట్రిక్ మాండలినే. మామూలు మాండలిన్‌లో ఎనిమిది తీగలు జంటలుగా ఉంటాయి. జంటను ఒకే సమంగా లాగి గమకం వేయడం కష్టం, పైగా మీటిన స్వరం ఇట్టే ఆరిపోతుంది. శ్రీనివాస్ ఒంటి తీగలు ఐదు పెట్టుకున్నాడు. కరెంటు సాయంతో ఆరిపోయే స్వరం కూడా ఆఖరి వరుసకు వినిపించింది. లారెన్స్ పోయిన ఏడాది లోపే, 2014 సెప్టెంబర్ 19న, 45 ఏళ్ళకే శ్రీనివాస్ కూడా వెళ్ళిపోయాడు.

వీణకు ఈ అయస్కాంత పికప్ సరిగా కుదరదు. ఇత్తడి తీగను అయస్కాంతం పట్టించుకోదు, ఉక్కు తీగలు మోగుతాయి, మంద్రం మూగబోతుంది. అందుకే వీణ చెక్కకు కాంటాక్ట్ మైకు అంటిస్తారు.

• పికప్ కొనేటప్పుడు ‘ఎన్ని కిలో ఓంలు?’ అని అడిగేవాళ్ళను చూసి లారెన్స్‌కు చిరాకు. నిరోధం చూసి స్వరం చెప్పలేమనీ, ఇండక్టెన్స్ (మారే కరెంటును చుట్ట ఎంత ఎదిరిస్తుందో చెప్పే కొలత) చూడమనీ జీవితమంతా వాదించారు. అదే చుట్ల సంఖ్యకు ఇంకొంచెం సన్నటి తీగ వాడితే ఓంలు పెరుగుతాయి, బలం పెరగదు. ఇంకో లెక్క చూడండి. రాగి నిరోధం డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. డిసెంబరు ఉదయం 20 డిగ్రీల చలిలో 6,000 ఓంలు చూపిన పికప్‌ను మే మధ్యాహ్నం జోల్వాలో 40 డిగ్రీల ఎండలో కొలవండి, మీటరు 6,470 దాకా చూపిస్తుంది.